స్కేలు మీద మూడు బొట్లు

నేను ఒక రీడౌటు డబ్బాని. మిల్లింగ్ మిషను పక్కన ఇనప చేతికి వేలాడుతుంటాను. ముఖం మీద ఎర్ర అంకెలు, వాటి పక్కన బొత్తాలు. మిషను టేబులు మీద ఇనప ముక్కని బిగిస్తారు. పైన కటరు తిరుగుతుంది, కింద టేబులు జరుగుతుంది. ఎంత జరిగిందో చెప్పడం నా పని. వెంట్రుక మందంలో పదో వంతు దాకా చెబుతాను. నా అంకె చూసి మనిషి బెజ్జం వేస్తాడు. సరిగ్గా పడితే తన చెయ్యి గొప్పదంటాడు. తప్పితే అరచేత్తో నా చెంప మీద కొడతాడు. నన్ను కొట్టని పనివాణ్ణి ఒక్కణ్ణే చూశాను. అతన్నీ నేను నమ్మలేదు.

నా ముందు జరిగేదే నాకు కనిపిస్తుంది. టేబులు సంగతి స్కేలు చెబితేనే తెలుస్తుంది. టేబులు వెనక బిగించిన పొడుగాటి అల్యూమినియం గొట్టం అది. లోపల గాజు పట్టీ. గాజు మీద కంటికి ఆనని గీతలు. టేబులు జరుగుతుంటే ఒక చిన్న దీపం ఆ గీతల పక్క నుంచి పోతూ లెక్కపెడుతుంది. లెక్క తీగలోంచి నాకు వస్తుంది. వచ్చింది వచ్చినట్టు చూపిస్తాను. స్కేలు తప్పు చెబితే ఆ తప్పు నా ముఖం మీద కనిపిస్తుంది. దెబ్బలు తినేది ముఖమే.

నేను పుట్టింది చైనాలో. అక్కడ నన్ను బిగించినవాళ్లు నా ముఖం చూడలేదు, వెనక మరలే చూశారు. ఓడెక్కి వచ్చి, హైదరాబాదులో ఒక పెద్ద ఫ్యాక్టరీ టూల్‌రూములో పడ్డాను. నాతో ఒకే పెట్టెలో వచ్చిన స్కేలునే నాకు జత చేశారు. దానితో ఉన్నన్నాళ్లు నేను ఒక్క అంకె తప్పు చెప్పలేదు. ఒకరోజు ఎవడో, ముక్కని పట్టి బిగించే ఇనప వైసును పైకెత్తుతూ చెయ్యి జార్చాడు. వైసు స్కేలు మీద పడింది. లోపల గాజు నలిగిన చప్పుడు తీగలోంచి నాకు అందింది. ఆ తర్వాత తీగలోంచి ఏమీ రాలేదు. చెయ్యి జార్చినవాడు ముందే పగిలి ఉందని చెప్పాడు. అందరూ నమ్మారు. అప్పటి నుంచి నేను మనుషుల మాట నమ్మడం మానేశాను.

ఫ్యాక్టరీ మూతపడింది. వేలంలో నేనూ, పనికిరాని కుర్చీలూ, కాంటీను గిన్నెలూ ఒకే కుప్పగా పోయాం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక తుక్కు కొట్టులో పడున్నాను. అక్కడికి కొమ్మోజు భద్రాచారి వచ్చాడు.

భద్రాచారిది నిడదవోలు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగిపోయినవాడు. ఇంటి పెరట్లో రేకుల షెడ్డు వేసి పాత మిల్లింగ్ మిషను పెట్టుకున్నాడు. నన్ను కొన్నప్పుడు నా వెంట ఇంకో మిషను మీంచి ఊడదీసిన స్కేలొకటి అంటగట్టాడు కొట్టువాడు. అది నాకు రెండో సంబంధం. ఎక్కడ పనిచేసిందో, ఎవరితో పనిచేసిందో తెలియదు. అంకెలు సరిగ్గానే పంపేది. అయినా మొదటి రోజు నుంచి దాన్ని ఒక కంట కనిపెడుతూనే ఉన్నాను.

ఆ ఇంట్లో మనిషి అనదగ్గది కామాక్షి. భద్రాచారి భార్య. నా ముఖం మీద నూనె మరకలు కొంగుతో తుడిచేది.

"ఎర్రగా ముచ్చటగా ఉన్నాయి అంకెలు. నాకైతే సంతలో తూకం మిషనులా ఉంది," అనేది.

"తూకం కాదే. కొలత," అనేవాడు భద్రాచారి.

"ఏదైనా మోసం చెయ్యకుండా ఉంటే చాలు."

మహర్నవమి నాడు ఆయుధపూజ ఆవిడే చేసేది. ముందు రోజు భద్రాచారి మిషనంతా కిరసనాయిలుతో కడిగేవాడు. ఆవిడ స్నానం చేసి, పసుపు ముద్ద కలిపి, కుంకుమ పళ్లెం పట్టుకొచ్చేది. మిషనుకి ఎత్తయిన ఇనప దిమ్మ ఉంటుంది, కదలదు. దాని నుదుట మూడు బొట్లు పెట్టేది. బంతిపూల దండ వేసేది. టేబులుకి పెట్టేది కాదు. "జరిగేవాటికి బొట్టు నిలవదు, అరిగిపోద్ది," అనేది. దిమ్మ మీది బొట్టు మళ్లీ దసరా దాకా ఎవరూ తుడవకూడదు. అది ఆ ఇంటి ఆచారం. నూనె పడ్డా, దుమ్ము పట్టినా ఆ మూడు మచ్చలు ఏడాదంతా అలాగే ఉండేవి.

ఆవిడ వేసవిలో పోయింది. జ్వరం అన్నారు. షెడ్డు కొన్నాళ్లు తెరవలేదు. తెరిచాక భద్రాచారి మాట తగ్గింది, చెయ్యి బరువెక్కింది. నాకు దెబ్బలు పెరిగాయి.

అతనికి తోడుగా కామాక్షి తమ్ముడు మౌనేశ్వరం వచ్చాడు. మౌని అంటారు. నలభై దాటినవాడు, పెళ్లి చేసుకోలేదు, లేత్ మీదా మిల్లింగ్ మీదా చెయ్యి తిరిగినవాడు. అక్క పోయిన నెలలోనే ఒక సంచీతో దిగి షెడ్డు పక్క గదిలో పడుకున్నాడు. ఎవరూ రమ్మనలేదు. పిలవకుండా వచ్చినవాడికి ఏదో పనుండి ఉంటుందని నేననుకున్నాను. భద్రాచారి కూడా అదే అనుకున్నట్టున్నాడు.

ఆ దసరాకి పూజ భద్రాచారే చేశాడు. పసుపు నీళ్లెక్కువై జారుగా ఉంది. కుంకుమ చేతినిండా అయ్యింది. దిమ్మకి దండ వేశాడు. బొట్టు పెట్టబోయి ఆగాడు. ఆవిడ పెట్టిన పాత బొట్టు మచ్చ ఇంకా అక్కడుంది, ముందు రోజు మిషను కడిగినప్పుడు దాన్ని వదిలేశాడు. చాలాసేపు దాన్నే చూశాడు. దాని మీద పెట్టలేదు. పళ్లెం పట్టుకుని మిషను వెనక్కి వెళ్లాడు. ఏం చేశాడో నాకు కనబడలేదు. ముక్కు ఎగపీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. మనిషి మిషను వెనక్కి వెళ్లాడంటే ఏదో దాస్తున్నాడని నా అనుభవం.

కోతలు మొదలయ్యాయి. రైస్‌మిల్లు సోమరాజు గారు వచ్చారు. మిల్లు గేరుబాక్సు మూత పగిలింది. పాత మిల్లు, మూత ఎక్కడా దొరకదు. అలాంటిదే ఒకటి చెయ్యాలి. చుట్టూ బోల్టు బెజ్జాలు, నడుమ బేరింగు కూర్చునే గుంట. ఒక్కటి జరిగినా మూత కూర్చోదు.

"ఆరుబయట ధాన్యం పోసుకుని కూర్చున్నాను ఆచారీ. ఆకాశం చూస్తే భయంగా ఉంది. నీ చేతిలో పెడుతున్నాను," అన్నారు.

"కూర్చుంటదండి. నా చేతిలో తప్పింది ఎప్పుడైనా ఉందా?" అన్నాడు భద్రాచారి.

మొదటి మూత కూర్చోలేదు. ఒకవైపు బెజ్జాలు అతికాయి, రెండోవైపు బోల్టు దూరలేదు. భద్రాచారి మిల్లు నుంచి మూత చంకన పెట్టుకొచ్చి టేబులు మీద పడేశాడు. నా వైపు వచ్చాడు. చెంప మీద రెండు.

"దాన్ని కొడితే ఏమొస్తుంది బావా," అన్నాడు మౌని. "తీగ చూద్దాం."

అలా మొదలైంది వైద్యం. మౌని ముందు ఎర్తు తీగ చూశాడు. గట్టిగానే ఉంది. కరెంటు ఎక్కువ తక్కువలవుతోందేమోనని స్టెబిలైజరు పెట్టాడు. మార్పు లేదు. కేబులు పొడవునా వేళ్లతో తడిమాడు, ఎలక కొరికిందేమోనని. కొరకలేదు. టేబులు మర లూజయిందేమో చూశాడు. లేదు. తర్వాత నా వెనక ఉన్న రెండు కేబుళ్లూ, టేబులు వెనక పొడుగు స్కేలుదీ, టేబులు ముందుకీ వెనక్కీ జరిగితే చెప్పే పొట్టి స్కేలుదీ, పీకి ఒకదాని చోట ఒకటి పెట్టాడు. ఇలా చేస్తే దొంగ ఎవరో తెలుస్తుంది. తప్పు నాలో ఉంటే నా ముఖం మీద అదే వరసలో ఉండిపోవాలి. స్కేలులో ఉంటే స్కేలుతో పాటు వెళ్లాలి. టేబులుని అటూ ఇటూ జరిపి చూశాడు. తప్పు వెళ్లిపోయింది, పొడుగు స్కేలు వెంట.

"డబ్బా మంచిదే బావా. స్కేలులో ఉంది రోగం."

నా పుట్టుకలో నన్ను నిర్దోషినన్న మొదటి మనిషి అతను. సంతోషించాల్సింది. కానీ ఇంత త్వరగా ఎలా కనిపెట్టాడని నాకు అనుమానం వచ్చింది. పెట్టినవాడికే దాచిన చోటు తెలుస్తుంది.

భద్రాచారికి ఇంకో అనుమానం ఉంది. ఆదివారం మౌని రాజమండ్రి వెళ్లొచ్చాడని పాలవాడు చెప్పాడు. రాజమండ్రిలో ఒక పెద్ద వర్క్‌షాపు ఉంది. వాళ్లు మౌనిని ఎప్పటినుంచో రమ్మంటున్నారు.

"రాజమండ్రి ఎందుకెళ్లేవు?" అని అడిగాడు.

"పని ఉండి."

"ఏం పని?"

"మాట్లాడొచ్చేను బావా. అంతే."

మౌని దాచాడు. నిజానికి ఆ మాట నేను విన్నాను. భద్రాచారి టీకి వెళ్లినప్పుడు మౌని నా ముందు నిలబడే ఫోను మాట్లాడాడు. "మొన్నే చెప్పేను కదండీ, రాలేనండి. మా బావ ఒక్కడే అయిపోయాడు. ఈ ఏడాదికి వదిలెయ్యండి," అన్నాడు. అది నేను నమ్మానా? లేదు. వినేవాళ్లు ఉన్నారనుకుని మంచి మాటలు మాట్లాడేవాళ్లని చాలామందిని చూశాను. అయినా షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. నేను విన్నా ఎవరికీ చెప్పలేను. ఈ సంగతి నాకు తర్వాత తట్టింది.

స్కేలు మాట భద్రాచారి చెవిన వేసుకోలేదు. రెండో మూత కూడా పాడైంది. ఈసారి భద్రాచారి పని చేసినంతసేపూ మౌని నా పక్కనే నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి ముందుకి వంగి నా బొత్తం మీద పడ్డ ఇనప రజను వేలితో తుడిచాడు. అది భద్రాచారి చూశాడు.

సోమరాజు గారు రెండో మూత చేత్తో పట్టుకుని చూశారు. కోప్పడలేదు.

"వాన పడింది ఆచారీ," అన్నారు. "అడుగు బస్తాలు మొలకెత్తాయి. ఇంకొక్కటి చెయ్యి. ఇది కూడా కాకపోతే రాజమండ్రి పట్టుకెళ్తాను."

రాజమండ్రి అన్న మాట షెడ్డులో పడింది. ఆయన వెళ్లాక భద్రాచారి మిషను ఆపాడు.

"ఎంతకి మాట్లాడుకున్నావ్?" అన్నాడు.

"ఏంటి బావా?"

"ఇక్కడ మూతలు పాడవ్వాలి. పని రాజమండ్రి పోవాలి. వెనకాలే నువ్వు పోవాలి. ఎంతకి?"

మౌని నవ్వబోయాడు. బావ ముఖం చూసి నవ్వలేదు.

"నేను పాడుచేసేననా?"

"బొత్తం మీద వేలు పెట్టలేదా నువ్వు? నా కళ్లతో చూసేను."

"రజను తుడిచేను."

"ఇన్నాళ్లూ లేని రజను ఆ పూటే వచ్చిందా?"

మౌని మిషను వెనక్కి వెళ్లాడు. స్కేలు మూత తీసిన చప్పుడైంది. అక్కడి నుంచే అన్నాడు. "ఇటు రా బావా. చూడు. దసరాకి ఇక్కడ బొట్లు పెట్టేవా? స్కేలుకి పసుపు గట్టిగా ఎండిపోయింది. గొట్టానికున్న ఈ రబ్బరు సందులోంచి లోపలికి దిగి ఉంటది. ఒక్కసారి విప్పి గాజు తుడిచి చూద్దాం."

"ముట్టుకోకు."

"బావా—"

"అది మీ అక్క పేరున పెట్టేను. మళ్లీ దసరా దాకా తుడవకూడదు. ఆ మాత్రం తెలీదా నీకు? నీ అక్క కాదా?"

"అక్క స్కేలుకి ఎప్పుడు పెట్టింది? దిమ్మకి పెట్టేది. జరిగేదానికి పెట్టకూడదనేది."

భద్రాచారి మెల్లిగా అన్నాడు. అతను మెల్లిగా మాట్లాడితే నాకు భయం.

"నా పెళ్లానికి బొట్టు పెట్టడం నాకు నేర్పుతున్నావా? సంచీ సర్దుకో."

ఇక్కడ నేను కూడా ఒక సంగతి చెప్పాలి. పసుపు అంకెని మింగుతుందని నేనూ అనుకోలేదు. తన తప్పు చచ్చిపోయినావిడ పూజ మీదకి తోసేస్తున్నాడు మౌని అనుకున్నాను. భద్రాచారి పక్షమే నా పక్షం. మేమిద్దరం మొదటి జత పోగొట్టుకున్నవాళ్లం.

మౌని సంచీ సర్దుకున్నాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి, "డబ్బాని కొట్టకు బావా. దాని తప్పు లేదు," అన్నాడు. భద్రాచారి వీపు తిప్పుకుని కటరు బిగిస్తున్నాడు.

మూడో మూత భద్రాచారి ఒక్కడే చేశాడు. తలుపు గొళ్లెం వేసుకుని చేశాడు. పక్కింటివాళ్లు పిలిచినా తియ్యలేదు. ప్రతి బెజ్జానికీ నా అంకె చూసి, ఇంకోసారి చూసి వేశాడు. నేను స్కేలు పంపింది పంపినట్టు చూపించాను. మధ్యాహ్నానికి పని అయ్యింది. పగిలిన పాత మూత తెచ్చి, కొత్తదాని మీద పెట్టి, బోల్టులు దూర్చాడు. మొదటి వరస దూరింది. రెండోది దూరింది. చివరి వరస దూరలేదు.

బోల్టు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. షెడ్డంతా ఒకసారి చూశాడు. తలుపు చూశాడు. గొళ్లెం వేసే ఉంది. మౌని నిలబడేచోటు చూశాడు. అక్కడెవరూ లేరు. అనుమానించడానికి మనిషి కరువైతే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. చివరికి నా వైపు చూశాడు. చెయ్యెత్తాడు. కొట్టలేదు.

డయల్ గేజి తెచ్చాడు. గడియారంలా ఉండే చిన్న కొలత పనిముట్టు, కరెంటుతో పనిలేదు, సూది ఎంత తిరిగితే అంత నిజం. దాన్ని టేబులుకి ఆనించి, నన్ను సున్నా చేసి, హ్యాండిలు కొద్దికొద్దిగా తిప్పాడు. నేను చెప్పిందీ సూది చెప్పిందీ ఒకటే. ఇంకా తిప్పాడు. ఒకటే. టేబులు చివరికి దగ్గరపడుతుంటే ఒకచోట సూది ముందుకెళ్లింది, నేను వెనకబడ్డాను. గీతలు కొన్ని నాకు అందలేదు. బొటనవేలంత దూరం పోయాక మళ్లీ అదే. మళ్లీ బొటనవేలంత దూరంలో మూడోసారి. ఆ తర్వాత ఏమీ లేదు.

సుద్దముక్కతో మూడు చోట్లా గుర్తు పెట్టాడు. మూడు గుర్తులూ ఒక వరసలో వచ్చాయి. వాటిని చూశాడు. బొటనవేలు తీసి ఒకదాని మీద పెట్టాడు. తర్వాత రెండోదాని మీద. మూడోదాని మీద పెట్టలేదు.

మిషను వెనక్కి వెళ్లాడు. మరలు విప్పిన చప్పుడు. స్పిరిట్ వాసన. చాలాసేపటికి ఇవతలికి వచ్చాడు. చేతిలో గుడ్డ. గుడ్డ పసుపు పచ్చగా, అక్కడక్కడ ఎర్రగా ఉంది. దాన్ని బకెట్లో వెయ్యలేదు, నేల మీద పడెయ్యలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

నా రెండో స్కేలు మీద నాకున్న అనుమానం ఆ రోజు తీరాలి. తీరలేదు. అలవాటైన అనుమానం కారణం పోయినా పోదు. అది ఏ తప్పూ చెయ్యలేదు. దాని కంట్లో పసుపు కొట్టి, కనపడడం లేదేమని అడిగాం.

నాలుగో మూత సరిగ్గా కూర్చుంది. మిల్లు తిరిగింది. సోమరాజు గారు బస్తా బియ్యం పంపారు, మాట పంపలేదు. ఆ సాయంత్రం భద్రాచారి నా ముందు స్టూలేసుకుని కూర్చుని ఫోను చేశాడు. అటువైపు మాట నాకూ వినిపించింది.

"మౌనీ. రీడౌటు బాగైంది."

"మంచిది బావా. ఏముంది లోపం?"

భద్రాచారి నా అంకెల వంక చూశాడు. అన్నీ సున్నాలే ఉన్నాయి.

"ఎలక," అన్నాడు. "కేబులు కొరికింది."

మౌని ఆ కేబులు పొడవునా తన వేళ్లతో తడిమి చూసినవాడు.

"ఎలకా," అన్నాడు. "సరే బావా. భోంచేసేవా?"

"ఆఁ. నువ్వు రాజమండ్రిలో చేరేవా?"

"పొమ్మన్నాక ఇంకెక్కడికి పోను? సోమవారం చేరేను."

"మంచిది," అన్నాడు భద్రాచారి. ఫోను పెట్టేశాడు. రమ్మనే మాట నోటిదాకా వచ్చిందో లేదో నాకు తెలియదు. నేను చూపించేది బయటికొచ్చిన కొలతే.

ఏడాది గడిచింది. పనులు తగ్గాయి. రెండు చేతుల పని ఒక మనిషి చేస్తే ఎంతవుతుందో అంతే అయ్యేది. భద్రాచారి నన్ను కొట్టడం మానేశాడు. నా ముఖం మీద నూనె మాత్రం తుడవడు.

మహర్నవమి ఉదయం మౌని వచ్చాడు. చేతిలో బంతిపూల పొట్లం. గుమ్మంలోనే నిలబడ్డాడు. భద్రాచారి కలిపిన పసుపు మళ్లీ జారుగానే ఉంది. భద్రాచారి పళ్లెం ఎత్తి అతని చేతికిచ్చాడు. మౌని పసుపులో ఇంకాస్త పొడి వేసి గట్టిగా కలిపాడు. దిమ్మ నుదుట, అక్క పెట్టేచోటే, మూడు బొట్లు పెట్టాడు. దండ వేశాడు. తర్వాత వెనక్కి వెళ్లాడు, స్కేలు మూత దులపడానికి.

అక్కడ కాసేపు ఆగిపోయాడు. ఎంత తుడిచినా మరల సందుల్లో పసుపు పోదు.

ఇవతలికి వచ్చి చెయ్యి గుడ్డకి తుడుచుకుంటూ అన్నాడు. "మీ ఊరి ఎలకలు పసుపు తింటాయా బావా?"

భద్రాచారి కొబ్బరికాయ పీచు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"తింటాయి," అన్నాడు. "ఇంట్లో ఆడది లేకపోతే అన్నీ తింటాయి."

మౌని నవ్వాడు. భద్రాచారి నవ్వలేదు. కొబ్బరికాయ కొట్టాడు. ఒక చెక్క మౌనికిచ్చాడు. మౌని తీసుకున్నాడు.

"ఉండరాదూ," అన్నాడు భద్రాచారి, కొబ్బరికాయతో అన్నట్టు.

మౌని నా వైపు చూశాడు. దగ్గరికొచ్చి చొక్కా అంచుతో నా ముఖం మీద నూనె తుడిచాడు. ఏడాది నుంచి ఎవరూ తుడవని నూనె.

"సాయంత్రం బండికి వెళ్లాలి బావా. రేపు డ్యూటీ."

సాయంత్రం బండికే వెళ్లాడు. భద్రాచారి స్టేషను దాకా వెళ్లలేదు. షెడ్డులోకి వచ్చి నన్ను వెలిగించాడు. పండగ పూట మిషను తిప్పకూడదు, తిప్పలేదు. ఊరికే నా ముందు నిలబడ్డాడు. నిన్నటి పని తాలూకు అంకెలు ఇంకా నా ముఖం మీద ఉన్నాయి. ఒక్కొక్క బొత్తమే నొక్కి అన్నిటినీ సున్నా చేశాడు.

సున్నా చెయ్యడమంటే మనుషులకి ఇష్టం. అంకెలు పోతే అంతా మొదటికొచ్చిందనుకుంటారు. వెనక టేబులు మాత్రం ఇంచు కూడా కదలదు. ఎక్కడిదాకా జరిగిందో అక్కడే ఉంటుంది.